జ్వరం రాగానే కరోనా అని ఫిక్స్ అయిపోకండప్పా, ఏ టెస్ట్ ఏ రోజు చేయించాలో చూసుకోండి

వానలు పడినాక మన సీమలో ఇంటికొకరు జ్వరంతో పండుకోవడం ఎప్పుడూ ఉండేదే, కానీ 2020 నుంచి కొత్త అలవాటు ఒకటైంది, వొళ్ళు కాలితే చాలు "మళ్ళా కరోనానే" అని ఇంట్లోనే తేల్చేసి, అప్పటి మందుల చీటీ ఫోటో మెడికల్ షాపులో చూపిచ్చి అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, కొందరైతే స్టెరాయిడ్ కూడా తెచ్చుకొని మింగుతాండారు. టెస్ట్ మాత్రం లేదు. రుచి తెలీలేదు కాబట్టి అదే అంటారు, మామూలు జలుబుకు ముక్కు మూసుకుపోయినా రుచీ వాసనా తెలీవు కదా.

ఫస్ట్ చేయాల్సింది, జ్వరం ఏ రోజు మొదలైందో క్యాలెండర్ మీద రాసుకోండి. టెస్టులన్నీ ఆ తేదీ మీదనే ఆధారపడి ఉంటాయి.

దగ్గు, గొంతు నొప్పి, ముక్కు కారడం ఉంటే కరోనా కావచ్చు, ఫ్లూ కావచ్చు, చూసి చెప్పేది కాదు. యాంటిజెన్ కిట్ పాజిటివ్ వస్తే సరే, నెగెటివ్ వచ్చి లక్షణాలు తగ్గకపోతే ఆర్‌టీపీసీఆర్ చేయించాల. రిజల్ట్ వచ్చేదాకా మాస్క్ పెట్టుకొని ముసలోళ్ళకు దూరంగా ఉండండి, ఏ వైరసైనా అంటుకునేదే.

దగ్గు లేకుండా కళ్ళ వెనక నొప్పి, కీళ్ళు పట్టేసినట్టు ఉంటే డెంగీ చూపిచ్చుకోండి. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలీక డ్రమ్ముల్లో, తొట్లలో పట్టి పెట్టుకునే ఊర్లు మనవి, ఆ నీళ్ళలోనే ఆ దోమ పెరిగేది, పైగా అది పగలు కుడుతుంది. మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 (రక్తంలో డెంగీ వైరస్ ప్రోటీన్ ఉందేమో చూసే టెస్ట్), తర్వాత ఐజీఎం (వైరస్‌ను ఎదుర్కోడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను చూసే టెస్ట్), రెండో రోజే ఐజీఎం చేయించి నెగెటివ్ అని సంబరపడితే లాభం లేదు. అప్పటికప్పుడు చూసే కార్డు టెస్టులో పాజిటివ్ వస్తే ఎలైజా అనే ల్యాబ్ టెస్టుతో ఖాయం చేసుకోవాల, కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్ లాంటి చోట్ల అడగండి. డెంగీలో అసలు డేంజర్ జ్వరం దిగినాకనే, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో, కరోనా అనుకున్నోడు ఏమో "తగ్గిపోయిందిలే" అని అప్పుడే మళ్ళా పనికి పోతాడు. డెంగీనో కాదో తేలేదాకా బ్రూఫెన్, డైక్లో, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు ముట్టొద్దు, రక్తస్రావం అయ్యే రిస్కు పెరుగుతుంది, పారాసెటమాల్ చాలు.

మలేరియాకు ఆలస్యం చేయకుండా రక్తపూత (రక్తపు చుక్క గాజు పలక మీద పూసి చూసే టెస్ట్) చేయించండి, ఆశా అక్కనో ఏఎన్ఎమ్‌నో అడిగితే ఫ్రీగా తీస్తారు.

టైఫాయిడ్‌కు మన దగ్గర జ్వరం అంటే చాలు విడాల్ అనే రక్త పరీక్ష రాస్తారు, నాకైతే ఆ టెస్ట్ మీద పెద్ద నమ్మకం లేదు, మొదటి వారంలో తేలదు, ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్‌కు కూడా పాజిటివ్ చూపిస్తాది. బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసేది) మేలు, కానీ యాంటీబయాటిక్ వేసుకోకముందే రక్తం తీయాల. సొంతంగా అజిత్రో మింగేసి పోతే ల్యాబోళ్ళకు ఏమీ దొరక్కపోవచ్చు.

ఇంకోటి శానామందికి పేరు కూడా తెలీదు, స్క్రబ్ టైఫస్. గడ్డిలో, చేన్లలో ఉండే చిన్న పురుగు కుట్టి వస్తాది, ముదిరితే ఊపిరితిత్తులకు కూడా పాకి దగ్గు, ఆయాసం వస్తాయి కాబట్టి అచ్చం కరోనానే అనిపిస్తాది. చంకల్లో, గజ్జల్లో, మొలతాడు కింద నల్లగా సిగరెట్‌తో కాల్చినట్టు మచ్చ ఉందేమో వెతకండి, అందరికీ ఉండదు, నొప్పి పుట్టదు కాబట్టి ఉన్నా మనకు తెలీదు. శెనక్కాయ చేనికి పోయినామనో గొర్రెలు మేపినామనో డాక్టర్‌కు చెప్పండి, చెప్పకపోతే ఆయనకు ఆ ఆలోచన రాకపోవచ్చు. టైముకు కనుక్కుంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో తగ్గేదే.

"2019 డిసెంబర్‌లోనే మా ఇంట్లో అందరికీ కరోనా వచ్చిపోయింది" అనేటోళ్ళు ఇప్పటికీ ఉండారు. దేశంలో మొదటి కేసు తేలిందే 2020 జనవరి 30న, కేరళలో. ఇప్పుడు యాంటీబాడీ టెస్ట్ చేయించినా తేలదు, టీకా వల్ల వచ్చినవో తర్వాత సోకి వచ్చినవో ఎట్ల చెప్తారు? ఆ డబ్బులు మిగిలిచ్చుకోండి.

ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మత్తుగా పడి ఉండడం, ఒంటికి (మూత్రం) సరిగ్గా రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా రిపోర్ట్ కోసం కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. గర్భిణీలు, చంటిపిల్లలు, షుగర్ ఉన్నోళ్ళు అయితే ఇవేవీ లేకపోయినా మొదటి రోజే డాక్టర్ దగ్గరికి పోవాల, మొదలైన తేదీ, వేసుకున్న మందుల స్ట్రిప్పులు చేతిలో పెట్టుకొని.