బోరు నీటిలో ఫ్లోరైడు: రాయి చూడడం నుంచి రిపోర్టు చదవడం దాకా

బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయా లేదా అన్నది తేల్చుకోవడానికి చిత్తూరు జిల్లాలోని కుప్పం, పలమనేరు, వి.కోట వైపు ఇళ్లలో సాధారణంగా మూడు విషయాలు చూస్తారు: నోటికి ఉప్పగా ఉన్నాయా, సబ్బు నురగ వస్తుందా, కందిపప్పు మెత్తగా ఉడుకుతుందా. ఉప్పుదనం, కాఠిన్యం (నీటి గట్టిదనం) తెలుసుకోవడానికి ఈ పరీక్షలు చక్కగా పనిచేస్తాయి. ఎక్కువైతే పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడు విషయానికి వస్తే మాత్రం ఇవి చాలాసార్లు తలకిందుల జవాబిస్తాయి. తియ్యగా ఉండి, నురగ బాగా ఇచ్చి, పప్పును తొందరగా ఉడికించే నీటినే మొదట అనుమానించాలి.

దానికి కారణం రాతిలోనే ఉంది. ఈ ప్రాంతమంతా గ్రానైటు, నైస్ రాళ్ల మీద ఉంది. వాటిలోని నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్, అపటైట్ వంటి ఖనిజాలలో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్–హైడ్రోజన్ జంట) ఉండవలసిన చోట కొంతమేర ఫ్లోరైడు చేరి ఉంటుంది. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని పగుళ్లలోకి దిగినప్పుడు ఫెల్‌స్పార్ అనే ఖనిజం కరుగుతూ తెల్లసుద్దగా మారుతుంది, అందులోని సోడియం, కాల్షియం, వాటితోపాటు బైకార్బొనేటు నీటిలో చేరతాయి, అభ్రకం నుంచి ఫ్లోరైడు విడుదలవుతుంది. నీరు రాతిలో ఎక్కువ కాలం నిలిచినకొద్దీ పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే అంకె) పెరిగి, కాల్షియం సున్నపు ముక్కలుగా పేరుకుపోతుంది, సోడియం మిగులుతుంది. కాల్షియం ఉన్నంతవరకు అది ఫ్లోరైడుకు పగ్గం వేస్తుంది, ఎందుకంటే కాల్షియం ఫ్లోరైడు నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. లెక్క వేస్తే, లీటరుకు 100 మి.గ్రా. కాల్షియం ఉన్న నీరు సుమారు 2 మి.గ్రా. ఫ్లోరైడును మాత్రమే పట్టి ఉంచగలదు. అదే కాల్షియం 20 మి.గ్రా.కు పడిపోతే 4 మి.గ్రా. దాటినా ఫ్లోరైడు కరిగే ఉంటుంది. లోతున నీరు రాతిలో ఎక్కువ కాలం నిలిచి ఉంటుంది కనుక, వెయ్యి అడుగులు దాటిన బోర్ల మీద అనుమానం ఎక్కువగా ఉండవలసింది అందుకే.

కొత్తగా బోరు వేయిస్తున్నవారు బోరు బండి పనిచేస్తున్నప్పుడే రాతిని గమనించాలి. పైకి వచ్చే పొడిని పది ఇరవై అడుగులకొకసారి చిన్న కవర్లలో పట్టి, ప్రతి కవరు మీద లోతు రాసి ఉంచుకోవాలి. పొడిని కడిగి ఎండలో పరిచి భూతద్దంతో చూస్తే నల్లగా మెరిసే రేకులు కనిపిస్తాయి. కొన్ని రేకుల అంచులు బంగారు గోధుమ రంగుకు తిరిగి, గోటితో గీరితే పొరలుగా ఊడి వస్తాయి. అవి నీటితో చర్య జరిగిన అభ్రకపు రేకులు, ఆ లోతుల్లో ఊట తగిలితే దానిని తప్పక పరీక్షించాలి. తిరుపతివారికి రాతి తేడా ఇంకా తేలికగా తెలుస్తుంది: తిరుమల ఘాట్ రోడ్డులో కింద పాత గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) పొరలు ఆనుకొని ఉన్న చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. పైనున్న క్వార్ట్‌జైట్ దాదాపుగా సిలికాయే కనుక దానిలోంచి నీటికి చేరే ఫ్లోరైడు తక్కువ.

నమూనా పట్టడంలో జరిగే పొరపాట్లే ఫలితాలను ఎక్కువగా పాడుచేస్తాయని నా అభిప్రాయం. ట్యాంకు కొళాయి నుంచి పట్టకూడదు. ట్యాంకులో నిలిచిన నీటిలో పీహెచ్ పెరుగుతుంది, సున్నం పేరుకుంటుంది, ఇనుము తుప్పుగా మారి అడుగున చేరుతూ ఆర్సెనిక్‌ను కూడా తనతో తీసుకుపోతుంది. మోటారును కనీసం పావుగంట నడిపి, పైపులో నిలిచిన నీరంతా పోయాక బోరు మూతి దగ్గరే పట్టాలి. ఫ్లోరైడు కోసం శుభ్రమైన ఒక లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపాలి. గాజు సీసా వద్దు, ఏ ఆమ్లమూ కలపవద్దు. సీసం, ఆర్సెనిక్, యురేనియం వంటి వాటికి వేరే సీసా కావాలి, అందులో ప్రయోగశాలవారిచ్చిన శుద్ధ నైట్రిక్ ఆమ్లం కలపాలి. నీరు మసకగా ఉంటే ముందు వడకట్టి ఆ తరువాతే ఆమ్లం వేయాలి, లేకపోతే ఆమ్లం మట్టిని కరిగించి, ఆ మట్టిలోని లోహాలను నీటి ఖాతాలో చూపిస్తుంది. మరుగుదొడ్లు కడిగే ఆసిడ్‌తో సరిపెట్టుకునేవారు ఆ పని మానుకోవాలి, దానిలోనే ఇనుము ఉంటుంది. సీసా మీద ఊరు, బోరు లోతు, కేసింగ్ (బోరు పైభాగంలో దించిన పైపు) లోతు, తేదీ, వేళ రాయాలి. మే నెలలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలు ముగిశాక జనవరిలో ఒకసారి పరీక్షిస్తే ఏడాదిలో వచ్చే తేడా తెలుస్తుంది.

పంచాయతీల్లో ఉండే నీటి పరీక్ష కిట్‌లోని జిర్కోనియం–అలిజరిన్ రంగు ఫ్లోరైడు పెరిగేకొద్దీ గులాబీ నుంచి పసుపుకు తిరుగుతుంది. తెల్లకాగితం మీద పెట్టి పగటి వెలుతురులో చూడాలి, ట్యూబులైటు కింద చూస్తే రంగు మోసం చేస్తుంది. క్షారత్వం (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) మరీ ఎక్కువైన నీటిలో ఈ రంగు సరిగా నిలవదు కనుక, కిట్ ఫలితం 1 మి.గ్రా. దగ్గర ఊగిసలాడితే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపి, ఫ్లోరైడును కొలిచే ఎలక్ట్రోడు పరికరంతో కొలవమని అడగడం మేలు.

రిపోర్టు వచ్చాక ఫ్లోరైడు ఒక్కటే చూసి పక్కన పెట్టకూడదు. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. పీహెచ్ 8 దాటి, సోడియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటే ఎక్కువ ఫ్లోరైడు అంకె నమ్మదగినదే. కాల్షియం 150, ఫ్లోరైడు 6 అని కలిసి వస్తే మాత్రం మళ్లీ పరీక్షించమని అడగాలి. బైకార్బొనేటు ఎక్కువున్న నీరు యురేనియాన్ని కూడా కరిగించి పట్టి ఉంచుతుంది కనుక, గ్రానైటు బోరులో ఫ్లోరైడు ఎక్కువని తేలినప్పుడు యురేనియం పరీక్ష కూడా చేయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, అంటే 0.03 మి.గ్రా. రిపోర్టులో మి.గ్రా.లో రాశారో మైక్రోగ్రాముల్లో రాశారో చూడకుండా అంకెలు చదివి హడలిపోయేవారిని చాలామందిని చూశాను.

ఫ్లోరైడు ఎక్కువని తేలితే కాచడం వల్ల లాభం లేదు, నీరు ఆవిరై మిగిలినదానిలో అది చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, క్లోరిన్ దానిని తొలగించలేవు. నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపి తేటపరచవచ్చు, అయితే క్షారత్వం ఎక్కువున్న నీటికి పటిక బాగా కావలసి వస్తుంది, తరువాత నీటిలో మిగిలిన అల్యూమినియం కూడా చూడాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో, శాశ్వత దంతాలు తయారవుతున్న వయసు కనుక, తాగే నీటితో పాటు సంగటి, అన్నం, పప్పు వండే నీటిని కూడా మార్చాలి. వానకాలంలో శుభ్రమైన పైకప్పు నుంచి పట్టిన నీరు ఉంటే అంతకంటే చవకైన దారి లేదు. ఆర్‌ఓ పెట్టించినవారు అమ్మకందారు చూపించే టీడీఎస్ మీటరును నమ్ముకోకూడదు. అది మొత్తం లవణాలను చెబుతుందే గాని అందులో ఫ్లోరైడు ఎంతో చెప్పలేదు, కాబట్టి వడపోసిన నీటిని కూడా కిట్‌తో ఆరు నెలలకొకసారి చూడాలి. ఆర్‌ఓ వదిలే నీటిలో ఫ్లోరైడు మరింత చిక్కగా ఉంటుంది, దానిని పశువుల తొట్టిలోకి గానీ బోరు పక్కనున్న ఇంకుడు గుంతలోకి గానీ పంపకుండా నేల కడగడానికో మరుగుదొడ్డికో వాడుకోవాలి.