చీమ చిమ్మే ఆమ్లాన్ని కాగితం మీద చూడటం ఎలా?

అనంతపురం ప్రాంతపు బడుల సైన్సు ప్రదర్శనల్లో పసుపునీటిలో ముంచిన కాగితం మీద చీమను రుద్ది, రంగు మారలేదు కనుక చీమలో ఆమ్లం లేదని రాసిపెట్టిన అట్టలను తరచుగా చూస్తుంటాను. పసుపు కాగితం క్షారానికి ఎర్రబడుతుందే తప్ప ఆమ్లానికి మారదు కాబట్టి, ఈ ప్రయోగానికి అది ఎంతమాత్రం పనికిరాదు. కావలసినది నీలిరంగు పువ్వు. చీమల పుట్ట మీద వేసిన నీలిపూలు ఎర్రబడతాయన్న సంగతిని ఇంగ్లండుకు చెందిన ప్రకృతి పరిశోధకుడు జాన్ రే 1671లోనే చీమల ఆమ్లం గురించి రాస్తూ ప్రస్తావించాడు.

గుప్పెడు శంఖపుష్పాల రేకులను వేడినీటిలో వేసి, రంగు దిగాక వడగట్టి, అందులో ఫిల్టరు కాగితాన్ని ముంచి, నీడలో ఆరబెట్టి, ముదురు నీలం వచ్చేవరకు మళ్లీ మళ్లీ ముంచాలి. నోటుపుస్తకాల కాగితంలో సుద్దపొడి కలిసి ఉండవచ్చు, అది ఆమ్లాన్ని మింగేస్తుంది. మన బోరునీళ్లలోని లవణాలు కూడా అదే పని చేస్తాయి కనుక వాన నీటినో, దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌నో వాడాలి. బ్యాటరీ దుకాణంలో కొనేటప్పుడు పక్కనే ఉండే యాసిడ్ డబ్బాను పొరపాటున తెచ్చుకోకూడదు. మందారంతోనూ చేయవచ్చని కొందరంటారు గాని, దాని రసం ముందే ఊదారంగులో ఉండటం వల్ల చిన్న మచ్చ కంటికి ఆనదు; శంఖపుష్పమే వాడాలి.

ఇక అందరూ తప్పుచేసే దశ చీమను ఎంచుకుని దానిచేత ఆమ్లం చిమ్మించడం. చీమ చిమ్మే ఆమ్లం పేరు ఫార్మిక్ ఆమ్లం; దాన్ని అన్ని చీమలూ తయారు చేయవు. ఫార్మిసినే అనే ఉపకుటుంబానికి చెందినవి మాత్రమే చేస్తాయి. వీటికి కొండి ఉండదు, దానికి బదులు పొట్ట చివర వెంట్రుకలు చుట్టుకున్న గుండ్రని రంధ్రం ఉంటుంది. భూతద్దంతో చూస్తే తెలుస్తుంది. పంచదార డబ్బాకు పట్టే చిన్న ఎర్రచీమల్లో ఎక్కువ భాగం కొండి ఉన్న వేరే ఉపకుటుంబానివి. వాటి బంధువులైన నిప్పుచీమల విషంలో ప్రధానంగా ఉండేవి ఆల్కలాయిడ్లు అనే క్షార స్వభావపు పదార్థాలు, ఆమ్లం కాదు. అందువల్ల మంట పుట్టించే ప్రతి చీమనూ ఆమ్లపు చీమగా భావించకూడదు. వేపచెట్టు మొదట్లో తిరిగే నల్లని గండుచీమలు గాని, కడప వైపు మామిడితోటల్లో ఆకులను పట్టుదారంతో కలిపి గూడు కట్టే ఎర్రచీమలు గాని సరైనవి.

చీమను నలపకూడదు. నలిపితే పొట్టలోని రసాలన్నీ కలిసి మచ్చ దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది. 1749లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త మార్‌గ్రాఫ్ చీమలను నలిపి, స్వేదనం చేసి ఆమ్లాన్ని వేరుచేశాడు గాని, ఆయనకు కావలసినది సీసాడు ఆమ్లం, మనకు కావలసినది ఒక్క చుక్క.

మామిడిచెట్టు గూటి దగ్గరైతే పొడవాటి కర్రకు కాగితాన్ని క్లిప్పుతో బిగించి, గూటిని పుల్లతో మెల్లగా తాకి, కాగితాన్ని రెండంగుళాల ఎత్తులో కదలకుండా పట్టుకోవాలి. చీమలు పొట్టను పైకెత్తి చిమ్ముతాయి, కాగితం మీద ఎరుపో ఊదానో కలిసిన చుక్కలు లేస్తాయి. గూటిని కొట్టడం, చింపడం అనవసరం, అపాయకరం కూడా. గండుచీమలు దూరం నుంచి అంతగా చిమ్మవు కనుక కాగితం అంచును వాటి ముందుంచి కొరకనివ్వాలి. కొరికినప్పుడు పొట్టను ముందుకు వంచి ఆమ్లాన్ని పోస్తాయి. విషగ్రంథి స్రావంలో ఫార్మిక్ ఆమ్లం సగాన్ని మించి కూడా ఉండగలదు, అందుకే కళ్లద్దాలు లేకుండా గూటి కింద నిలబడకూడదు. కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తూ కడిగి వైద్యుణ్ని కలవాలి. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

అదే కాగితం మీద మరోచోట ఒక చుక్క మంచినీటిని, ఇంకోచోట నిమ్మరసాన్ని వేసి పోల్చుకోవాలి. నీటి చుక్క కూడా రంగు మారిస్తే లోపం కాగితానిదే. ఫార్మిక్ ఆమ్లం దాదాపు 101 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ద్రవం, మామూలు వేడికే కొంత ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి మచ్చలు క్రమంగా వెలిసిపోతాయి. ఫోటో వెంటనే తీయాలి.

ఒక కార్బను, రెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లతో ఏర్పడిన ఈ చిన్న అణువును చీమ సెరీన్, గ్లైసీన్ అనే అమైనో ఆమ్లాల నుంచి తయారుచేసుకుంటుంది. నిలువచేసే సంచికి లోపల గట్టి పొర ఉండటం వల్ల అది దాని దేహాన్ని కాల్చదు. మీ చర్మం మీద పడితే మాత్రం సబ్బునీటితో కడగండి. సున్నం పూసే అలవాటు మన పల్లెల్లో ఉంది గాని, అది ఆమ్లాన్ని తటస్థం చేసినా తానే చర్మాన్ని కాలుస్తుంది, కొండి చీమ కుట్టిన చోటైతే ఆ ప్రయోజనమూ ఉండదు.