బీసీఏఏ డబ్బా పక్కన పెట్టాకే బార్ కదిలింది

జిమ్‌లో నాకిది ఆరో ఏడు. బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బరువున్న బార్‌ను ఛాతీ మీంచి పైకి నెట్టే వ్యాయామం) 80 కిలోల దగ్గర ఐదు నెలలు మొండికేసింది. తోటివాళ్ల మాట విని బీసీఏఏ పొడి కొన్నాను, అంటే ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో మూడింటిని కలిపి కండ కోసమని అమ్మే పొడి. పుచ్చకాయ రుచి, నీళ్లలో కలిపితే నురగ, పైన తేలే ఉండలు. రెండో డబ్బా సగానికి వచ్చింది గానీ బార్ మాత్రం ఛాతీ నుంచి జానెడు లేచి అక్కడే ఆగిపోయేది.

ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. ఆ పొడిలో ఉండేవి ల్యూసిన్, ఐసోల్యూసిన్, వేలిన్, అంతే. కండ కట్టడానికి తిండి నుంచి రావాల్సిన అమైనో ఆమ్లాలు తొమ్మిది. మూడు రకాల ఇటుకలే తెచ్చి ఇల్లు కట్టమన్నట్టుంది నా పని! నా బరువు 72 కిలోలు. కిలోకి 1.6 గ్రాముల చొప్పున రోజుకు 115 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఇడ్లీ, పప్పన్నం, చపాతీ అన్నీ కలిపినా 60 దాటడం లేదు.

పొద్దున నాలుగు గుడ్లు, మధ్యాహ్నం పప్పుతో పాటు చికెన్, సాయంత్రం మీల్‌మేకర్ వేపుడు మొదలుపెట్టాను. దానితో రోజూ 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్, బరువులెత్తేటప్పుడు కండరాలకు శక్తి అందించడానికి వాడే పొడి. మొదటి వారం కిలో బరువు పెరిగితే కంగారుపడ్డాను, అది కండరాల్లో చేరే నీరేనట. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగాలి.

పది వారాలకు 87.5 లేచింది. వారానికి రెండుసార్లు బెంచ్ చేయడం కూడా అప్పుడే మొదలెట్టాను కాబట్టి ఘనత మొత్తం గుడ్లకే ఇవ్వలేను. మిగిలిన సగం డబ్బా అల్మారాలో గడ్డకట్టి ఉంది.