మార్క్స్, వెబర్ తికమకకి చీమకుర్తి క్వారీ

గ్రూప్స్‌కో, డిగ్రీ సోషియాలజీకో చదువుతూ వర్గం గురించి మార్క్స్, వెబర్ చెప్పినదాంట్లో తేడా దగ్గర తికమకపడేవాళ్లు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీని ఊహించుకోండి. యజమాని ఒకవైపు, కూలికి పనిచేసేవాళ్లంతా మరోవైపు. ఇది మార్క్స్. ఉత్పత్తి సాధనాలు (ఇక్కడ క్వారీ, యంత్రాలు) ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ఆయన ప్రశ్న. అదే క్వారీలో క్రేన్ ఆపరేటర్‌కీ, రాళ్లు మోసే కూలీకీ వచ్చేది ఒకటేనా? నైపుణ్యానికి మార్కెట్లో పలికే ధరను కూడా చూడమంటాడు వెబర్. డబ్బున్నా కులం వల్ల ఊళ్లో గౌరవం దక్కకపోవచ్చు. వెబర్ లెక్కలో అది వర్గం కాదు, హోదా. దీనికి ఉదాహరణలు ఒంగోలు దాకా వెళ్లి వెతకక్కర్లేదు లెండి.

ఇలాగే తికమకపెట్టే పేదరికం, అసమానతల తేడాకి ఒక్క లెక్క చాలు: ధరలు పెరగకుండా అందరి ఆదాయమూ రెట్టింపైతే నిరపేక్ష పేదరికం (కనీస అవసరాలకి సరిపడా ఆదాయం లేకపోవడం) తగ్గుతుంది, ఆదాయాల అసమానతను కొలిచే గినీ సూచిక మాత్రం కదలదు, ఎందుకంటే ఆదాయాల మధ్య నిష్పత్తి మారలేదు.