జర్మనీలో ఫ్రెండు దగ్గరికి వేసవి సెలవులకు: వీసా కాగితాల నుంచి ఊరగాయ సీసా దాకా

జర్మనీలో చదువుకుంటున్న లేదా ఉద్యోగం చేస్తున్న స్నేహితుడి దగ్గరికి రెండు మూడు వారాలు వెళ్లిరావాలంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. అతను రమ్మన్నంత మాత్రాన వీసా రాదు. ఆహ్వానపత్రం మీరు ఎక్కడ ఉంటారో చెబుతుంది, అంతవరకే. ఖర్చు ఎవరిది, మీరు తిరిగి ఇండియాకి ఎందుకు వస్తారు అన్న రెండు ప్రశ్నలకూ జవాబు మీ ఫైల్లో ఉండాలి. "అన్నీ వాడు చూసుకుంటాడులే" అనుకున్నవాళ్ల దరఖాస్తులే ఎక్కువగా వెనక్కి వస్తాయి.

జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేల్చాలి, సందేహం వస్తే 45 రోజుల దాకా సాగదీయవచ్చు. మన పిల్లల సెలవులు, జనం యూరప్ ప్రయాణాలు అన్నీ మే నెలలోనే పడతాయి కాబట్టి వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రాల స్లాట్లకు మార్చి, ఏప్రిల్‌లలో కటకట. మేలో వెళ్లాలంటే ఫిబ్రవరిలో ఫైల్ ఇచ్చేయండి. పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై, తిరుగు ప్రయాణం తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటులో ఉండి, రెండు ఖాళీ పేజీలు కలిగి ఉండాలి. వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు లేదు. వీఎఫ్ఎస్ సర్వీసు ఛార్జీ దీనికి అదనం. వీసా రాకపోతే ఫీజు తిరిగి రాదు.

స్నేహితుడి నుంచి ఏం తెప్పించుకోవాలన్నది అతని పరిస్థితిని బట్టి ఉంటుంది. ఉద్యోగస్తుడైతే రెండు దారులు. ఒకటి, మామూలు ఆహ్వానపత్రం: మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, పరిచయం ఎలా ఏర్పడింది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ చిరునామాలో ఉంచుకుంటాడు అన్నవి రాసి సంతకం చేసినది. దానికి అతని పాస్‌పోర్టు కాపీ, రెసిడెన్స్ కార్డుకి రెండు వైపులా కాపీ, ఊళ్లో చిరునామా నమోదైనట్టు ఇచ్చే మెల్డెబెషైనిగుంగ్ కాగితం జతచేయాలి. రెండోది, ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్. పేరు పలకడమే ఒక వ్యాయామం కానీ పని తేలికే: అతను తన ఊరి విదేశీయుల కార్యాలయానికి జీతం రసీదులు తీసుకెళ్లి 29 యూరోలు కడితే, మీ ఖర్చుకి తాను బాధ్యుడినని అధికారికంగా రాసిస్తారు. జారీ అయిన ఆరు నెలల్లోపు ఆ ఒరిజినల్ కాగితం మీ ఫైల్లోకి చేరాలి, ఫొటోకాపీ పనికిరాదు. పోస్టులో పోతే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి ట్రాకింగ్ ఉన్న కొరియర్‌లోనే పంపమనండి. మీ వల్ల జర్మన్ ప్రభుత్వానికి ఖర్చు తగిలితే అతని దగ్గరే వసూలు చేస్తారు. అంత బరువు స్నేహితుడి మీద పెట్టే ముందు, మీ ఖాతాలో సరిపడా డబ్బుంటే మామూలు ఆహ్వానపత్రంతో సొంత ఖర్చు మీద వెళ్లడమే మర్యాద.

అతను విద్యార్థి అయితే రెండో దారి దాదాపు మూసుకుపోయినట్టే. పార్ట్‌టైమ్ సంపాదన దానికి చాలదు. పైగా స్టూడెంట్ హాస్టల్లో ఉంటే బయటివాళ్లు ఎన్ని రాత్రులు ఉండవచ్చో అక్కడి నియమావళిలో రాసి ఉంటుంది, చాలాచోట్ల కొద్ది రోజులే. నలుగురు పంచుకునే ఫ్లాట్ అయితే మిగతా ముగ్గురినీ అడగాలి. ఈ సంగతి టికెట్ కొనకముందే మొహమాటం లేకుండా అడిగేయండి. ఆహ్వానపత్రంలో 20 రాత్రులని రాసి, నాలుగో రోజు వార్డెన్ అభ్యంతరం చెబితే హోటల్ ఖర్చు మీదే.

మీ వైపు నుంచి ఫైల్ ఇలా కట్టండి: విడెక్స్ అనే వీసా దరఖాస్తు ఫారం ఆన్‌లైన్లో నింపి ప్రింటు తీసి సంతకం చేసినది, 35×45 మిల్లీమీటర్ల కొత్త ఫొటోలు, కవరింగ్ లెటర్, రానుపోను టికెట్ బుకింగ్, రోజువారీ ప్రణాళిక, బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం రసీదులు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆఫీసు నుంచి సెలవు మంజూరు లెటర్. ఆ లెటర్లో మళ్లీ ఏ తేదీన డ్యూటీలో చేరతారో స్పష్టంగా ఉండాలి. వ్యాపారం ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్, చదువుకుంటుంటే కాలేజీ బోనఫైడ్. మనవాళ్లు తరచూ చేసే పని ఒకటుంది: దరఖాస్తుకి వారం ముందు బావగారి దగ్గరో బాబాయి దగ్గరో మూడు లక్షలు తెచ్చి ఖాతాలో వేయడం. నెలంతా పన్నెండు వేలు దాటని ఖాతాలో ఒక్కసారిగా మూడు లక్షలు కనబడితే ఆ డబ్బు మీది కాదని ఇట్టే తెలిసిపోతుంది. నిజంగా ఇంట్లోవాళ్లే ఖర్చు పెట్టుకుంటుంటే దాచడమెందుకు? నాన్నగారి స్టేట్‌మెంటు, ఆయన సంతకంతో లెటర్, బంధుత్వం చూపే కాగితం పెట్టేయండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ, అత్యవసర వైద్యానికీ, స్వదేశానికి తరలింపుకీ వర్తించాలి. ప్రయాణం తేదీలకంటే ఒకటి రెండు రోజులు ఎక్కువ తీసుకుంటే విమానం వాయిదా పడినా ఇబ్బంది ఉండదు.

స్నేహితుడు జర్మనీలో ఉన్నా ప్యారిస్, స్విట్జర్లాండ్ కూడా చుట్టాలనుకుంటే ఎక్కువ రాత్రులు ఎక్కడ గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. స్లాటు దొరికింది కదా అని ఇంకో దేశానికి చేసి, జర్మనీలో పదిహేను రాత్రులున్న ప్లాన్ చూపిస్తే తిరస్కరణని చేతులారా కొనితెచ్చుకున్నట్టే.

వీసా చేతికొచ్చాక స్టిక్కర్ని నిదానంగా చదవండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఉదాహరణకి "నుంచి 10 మే, వరకు 14 జూన్, రోజులు 21" అని ఉందనుకోండి. జూన్ 14 దాకా ఉండవచ్చని కాదు. ఆ రెండు తేదీల మధ్య ఎప్పుడైనా సరే, మొత్తం 21 రోజులే. దిగిన రోజు ఒకటి, బయల్దేరిన రోజు ఇంకొకటి లెక్కలోకి వస్తాయి. మే 12న దిగితే జూన్ 1కి బయటపడాలి. ఎంట్రీలు ఒకటే అని ఉంటే ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఫ్రాన్సులకు వెళ్లొచ్చినా ఫర్వాలేదు, అవన్నీ షెంగెన్‌లోనివే. లండన్ వెళ్లి మళ్లీ జర్మనీకి రావాలంటే మాత్రం కుదరదు. టికెట్ కొనేటప్పుడు లండన్ మీదుగా వెళ్లే చవక టికెట్‌ని కూడా జాగ్రత్తగా చూడాలి: విమానం మారడానికే అయినా భారతీయులకు బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలి, మీ దగ్గరున్న పర్యాటక షెంగెన్ వీసా దానికి మినహాయింపు ఇవ్వదు.

తిరస్కరిస్తే ఏ కారణమో టిక్కు పెట్టిన కాగితం ఇస్తారు. 2025 జూలై 1 నుంచి జర్మనీ పునఃపరిశీలన విన్నపాల పద్ధతి ఎత్తేసింది. మిగిలినవి బెర్లిన్ కోర్టు, లేదా లోపం సరిచేసి కొత్త దరఖాస్తు. సెలవుల ప్రయాణానికి రెండోదే తెలివైన పని.

ఇక సూట్‌కేసు. అమ్మ ఇచ్చినవన్నీ పట్టుకెళ్లడం కుదరదు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. కాబట్టి చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, కోవా ఇంట్లోనే వదిలేయాలి. దొరికితే పారేయడమే కాదు, జరిమానా కూడా పడవచ్చు. చేపలు, రొయ్యలకు మాత్రం వేరే నియమం: ఒక మనిషి 20 కిలోల దాకా తీసుకెళ్లవచ్చు. కాబట్టి రొయ్యల పచ్చడికి అడ్డు లేదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, జంతికలు, కారంపొడి నిశ్చింతగా పెట్టుకోండి. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు వద్దు; మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా అవి లోపలికి రావు. బంగినపల్లి పళ్ల సీజన్లోనే బయల్దేరుతున్నారు కాబట్టి ఇది మనసుకి కష్టమే.

ఊరగాయ కారడానికి కారణం సీసాలో మిగిలిన గాలి. విమానం పైకెళ్లి ఒత్తిడి తగ్గినప్పుడు ఆ గాలి వ్యాకోచించి నూనెని మూత సందుల్లోంచి బయటికి తోస్తుంది. అందుకని పైన తేలిన నూనెని వంపేసి, నిండా ముక్కలు అదిమి, సీసాలో ఖాళీ వీలైనంత తగ్గించండి. మూత కింద పాలిథిన్ కవరు ముక్క పరిచి బిగించి, చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో పెట్టి బట్టల మధ్య నిలబెట్టండి. పచ్చళ్ల దుకాణాల్లో ప్యాక్ చేయించుకుంటే ఇంకా నయం. చేతిసంచిలో మాత్రం ఊరగాయ పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర ద్రవపదార్థం కింద తీసేస్తారు. పవర్ బ్యాంక్ దీనికి సరిగ్గా తలకిందులు: చేతిసంచిలోనే ఉండాలి. రోజూ వేసుకునే మందులు ఆ రోజులకి సరిపడా స్ట్రిప్పులతోనే, డాక్టర్ చీటీతో సహా పెట్టుకోండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ దూరదు, అడాప్టర్ కావాలి. ఫ్రెండు కోసం కుక్కర్ తీసుకెళ్తుంటే అతని పొయ్యి ఏ రకమో ముందే అడగండి. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ అలంకారానికే.

విమానం దిగాక ఇమిగ్రేషన్లో ఇప్పుడు స్టాంపులకు బదులు వేలిముద్రలు, ముఖం ఫొటో తీసే ఈఈఎస్ పద్ధతి వచ్చింది. 2025 అక్టోబరు 12న మొదలైంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి కాస్త ఎక్కువసేపు పడుతుంది, కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే కనీసం రెండు మూడు గంటల వ్యవధి పెట్టుకోండి. ఆహ్వానపత్రం, తిరుగు టికెట్, ఇన్సూరెన్సు ప్రింట్లు చేతిసంచిలో ఉంచుకోండి. ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లు అని అడిగితే ఫారంలో రాసినదే చెప్పాలి. మూడు నెలల లోపు ఉండే విదేశీ అతిథులు ఊళ్లో చిరునామా నమోదు చేయించుకోనక్కర్లేదు.

రైళ్ల విషయంలో డబ్బు వృథా అయ్యేది డాయిచ్‌లాండ్ టికెట్ దగ్గర. 2026 జనవరి నుంచి ధర నెలకు 63 యూరోలు. సిటీ బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు అన్నిటికీ చెల్లుతుంది, దూరాలకు వెళ్లే ఐసీఈ, ఐసీ రైళ్లకి చెల్లదు. ఇది నెలనెలా సాగే చందా. నెల మొదటి తేదీ నుంచి చివరి దాకా లెక్క, 18వ తేదీన కొన్నా కొందరు పూర్తి నెల డబ్బు తీసుకుంటారు. ఆ నెలతో ఆపాలంటే 10వ తేదీలోపు రద్దు చేయాలి, మరిచిపోతే వచ్చే నెలకీ మీ ఖాతాలోంచి కోత పడుతుంది. మే, జూన్‌లను కలిపే ప్రయాణం కంటే ఒకే నెలలో ఇమిడేలా తేదీలు చూసుకుంటే ఒక టికెట్ మిగులుతుంది. ఐసీఈ టికెట్లు ముందుగా కొంటే చవక, కానీ ఆ చవక టికెట్ ఆ ఒక్క రైలుకే. పక్క దేశాలకు రైల్లో వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు ఒరిజినల్ వెంట ఉండాలి. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు చేస్తోంది. ఏటీఎంలోనో దుకాణంలోనో "రూపాయల్లో కట్టమంటారా" అని అడిగితే వద్దని యూరోలే నొక్కండి. రూపాయల్లో అంటే మారకం రేటు వాళ్ల ఇష్టం.

స్నేహితుడి ఇంట్లో ముందు బాత్రూమ్ చూపించమనండి. చాలా ఫ్లాట్లలో నేల మీద నీళ్లు పోయే తూము ఉండదు. షవర్ తొట్టె బయట మగ్గుతో నీళ్లు పోస్తే కింది ఇంటి సీలింగ్ తడుస్తుంది, బిల్లు అతనికొస్తుంది. తలుపు సంగతి ఇంకా ముఖ్యం. బయటివైపు తిప్పే పిడి ఉండదు. తాళంచెవి లోపల వదిలేసి తలుపు లాగేస్తే బయటే నిలబడాలి, సెలవురోజు రాత్రి తాళాలు తీసేవాడిని పిలిస్తే వందల యూరోలు వదులుతాయి. పోపు వేసేటప్పుడు కిటికీ తీయండి, వంటగది తలుపు మూయండి, పొగ అలారాలు పక్క గదుల్లో ఉంటాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారమంతా చప్పుడు చేయకూడదు. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసే ఉంటాయి కాబట్టి శనివారం సాయంత్రమే పాలు, కూరగాయలు తెచ్చేయండి. ఖాళీ సీసాలు పారేయకండి: ప్లాస్టిక్ బాటిల్‌కి సాధారణంగా 25 సెంట్లు దుకాణంలోని యంత్రం తిరిగి ఇస్తుంది. కిరాణా మీరు చూసుకుంటానని మొదటి రోజే చెప్పేయండి. వాళ్లు నోరు తెరిచి అడగరు, కానీ మూడు వారాల భోజనం ఖర్చు విద్యార్థికి చిన్నదేమీ కాదు.

అతని సెలవులు కూడా లెక్కలో పెట్టుకోవాలి. మే 1తో పాటు, ఈస్టర్‌ని బట్టి మారే ఒక గురువారం, ఒక సోమవారం మే లేదా జూన్‌లో జర్మనీ అంతటా సెలవులు. ఆ గురువారం తర్వాతి శుక్రవారం అతను ఒక్క రోజు సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి. దూరప్రయాణాలు అప్పటికి పెట్టుకుని, మిగతా పనిదినాల్లో మీరు ఒక్కరే తిరిగేలా ప్లాన్ వేసుకోండి.

తిరిగి వచ్చాక ఆ పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసులు భద్రంగా ఉంచుకోండి. 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం వచ్చిన నియమం ప్రకారం మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు పొంది, రోజులు మీరకుండా సక్రమంగా వాడుకున్నవాళ్లకి తర్వాతిసారి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, ఆ తర్వాత ఐదేళ్లది ఇచ్చే అవకాశం ఉంది, పాస్‌పోర్టు గడువు అంతకాలం ఉంటేనే.