గిటార్‌పై మన రాగాలు, 5వ పాఠం: మోహనంలో సా ఎక్కడికి పోయింది?

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన రికార్డింగులన్నీ రెండేసి సార్లు విన్నాను. తప్పు మెట్టు (ఫ్రెట్) పట్టుకున్నవాళ్లు దాదాపు లేరు. అయినా చాలావాటిలో మోహన రాగం వినపడలేదు. మొదటి అరనిమిషం మోహనంలాగే ఉండి, తర్వాత మెల్లగా ఇంకేదో అయిపోతోంది. "వేళ్లు సరిగ్గానే పడుతున్నాయి కదండీ, మరి బ్లూస్‌లాగా ఎందుకు వినిపిస్తోంది?" అని ఒకరు అడిగారు. (బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివారి పాట బాణీ.) ఈసారి గమకాల్లో, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడంలో, రెండో భాగం చెబుదామనుకున్నాను. దాన్ని పక్కన పెట్టి ముందు ఈ ప్రశ్న సంగతి చూద్దాం. ఇది తేలకుండా గమకం నేర్పినా ఉపయోగం లేదు.

శ్రుతి పాతదే. ఆరో తీగను 'ఇ' నుంచి 'డి'కి దించాం కాబట్టి, లావుపాటి మూడు తీగలు (6, 5, 4) ఖాళీగా మీటితే స, ప, స పలుకుతాయి. మన ఆధార షడ్జం (స) 'డి', అంటే రెండు శ్రుతి. రాగం మొత్తం రెండో తీగ మీదే. 3వ మెట్టు స, 5 రి, 7 గ, 10 ప, 12 ద, 15 పై స. ఒకే తీగ మీద ఎందుకని మళ్లీ అడిగారు. వీణ మీద చెయ్యి అలాగే అటూ ఇటూ నడుస్తుంది, జారు, అంటే ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం, అక్కడే పుడుతుంది. నాకు ఆ పద్ధతే ఇష్టం.

ఇక అసలు సంగతి. గిటార్ నేర్చుకున్నవాళ్లలో చాలామంది చేతికి మొదట వచ్చేది మైనర్ పెంటటోనిక్ గడి, అంటే పాశ్చాత్య సంగీతంలోని ఒక ఐదు స్వరాల వరస. 'డి' షడ్జంగా మోహనంలో వచ్చే స్వరాలు డి, ఇ, ఎఫ్ షార్ప్, ఎ, బి. 'బి' మైనర్ పెంటటోనిక్‌లోనూ సరిగ్గా అవే ఐదు. కాబట్టి మీ వేళ్లకు అది పాత ఇల్లు. ప్రతి పదం చివర తెలియకుండానే 'బి' మీద ఆగుతాయి. 'బి' మనకు ధైవతం, అంటే ద. నాలుగుసార్లు వరసగా ద మీద ఆగితే చెవి దాన్నే స అనుకోవడం మొదలుపెడుతుంది. పైగా మనం వాయించే రెండో తీగ ఖాళీ స్వరం కూడా 'బి'నే. వేలు ఎత్తిన ప్రతిసారీ అది సన్నగా మోగుతూ ఉంటుంది. మీ రికార్డింగుల్లో నాకు అది స్పష్టంగా వినిపించింది.

దీన్నే మన శాస్త్రంలో గ్రహభేదం అంటారు. స్వరాలు మారవు, స మాత్రం మారుతుంది, రాగమే మారిపోతుంది. ఒక్కసారి చేసి చూడండి. ఆ ఐదు స్వరాల్లో రిషభాన్ని (రి) స అనుకుని మొదలుపెడితే మధ్యమావతి. గాంధారాన్ని (గ) స చేస్తే హిందోళం. పంచమాన్ని (ప) చేస్తే శుద్ధ సావేరి. ధైవతాన్ని చేస్తే శుద్ధ ధన్యాసి. మీలో చాలామంది వాయించింది ఈ చివరిదే! అది మంచి రాగమే, కానీ మనం కూర్చున్నది దానికోసం కాదు.

స మారిపోవడానికి ఇంకో పెద్ద కారణం కార్డులు, అంటే కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించడం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. కొందరు వెనకాల కరోకే ట్రాకు పెట్టుకుని వాయించారు. అందులో 'డి' మేజర్, తర్వాత 'బి' మైనర్, తర్వాత 'జి', 'ఎ' వరసగా తిరుగుతున్నాయి. 'డి' కార్డు మోగినప్పుడు మీ గాంధారం గాంధారమే. అదే స్వరం పట్టుకుని ఉండగా కింద 'బి' మైనర్ వచ్చిందనుకోండి, చెవికి అది పంచమం అవుతుంది. 'జి' వచ్చేసరికి అదే నిషాదం అవుతుంది, అసలు మోహనంలో లేని స్వరం! మీ వేలు కదలలేదు, స్వరం కదలలేదు, కానీ దాని అర్థం రెండుసార్లు మారింది. పాశ్చాత్య సంగీతానికి అదే అందం. మన రాగానికి మాత్రం కింద నేల కదలకూడదు. నాకు వీణ నేర్పిన టీచరుగారు పక్కనున్న మూడు తాళం తీగలు స, ప, సలో కుదిరేదాకా పాఠమే మొదలుపెట్టేవారు కాదు. మనం ఆరో తీగ దించి చేసుకున్నవి ఆ తాళం తీగలే. 1970లలో జాజ్‌నూ మన సంగీతాన్నీ కలిపిన 'శక్తి' బృందంలో ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ వాయించిన గిటార్ ఫోటో దొరికితే చూడండి. సౌండ్ హోల్ మీదుగా ఏటవాలుగా అదనపు తీగలు కట్టి ఉంటాయి. గిటార్ మీద రాగం వాయించాలనుకున్న మనిషి ముందు ఆ అనునాదం కోసం ఏర్పాటు చేసుకున్నాడు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కూడా జంట తీగల వాద్యాన్ని ఐదు ఒంటి తీగలకు మార్చుకున్నారు. రాగానికి కావలసింది ఏదో తెలిసినవాళ్లు ముందు వాద్యాన్నే సరిచేసుకున్నారు.

కాబట్టి ఇకనుంచి ట్రాకులు వద్దు. ఫోన్‌లో తంబురా యాప్ 'డి'లో పెట్టుకోండి. ప్రతి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మొదట్లో బొటనవేలితో నాలుగో తీగ ఒకసారి మీటండి. నేను పిక్ వాడను, వేలితోనే మీటుతాను. బొటనవేలు స దగ్గరే కాపలా ఉంటుంది, మిగతా వేళ్లు రాగం చూసుకుంటాయి. ఎడమ చేతిని స్వరం మీద నుంచి గాల్లోకి ఎత్తకండి, తర్వాతి స్వరానికి తీగ మీదే జరపండి. అప్పుడు ఖాళీ 'బి' మోగదు. ఇక ఆగడం అంటారా, స, గ, ప మీదే ఆగండి. పెద్ద విద్వాంసులు ద మీద కూడా హాయిగా నిలుస్తారు, నిజమే. వాళ్ల చెవిలో స ఎప్పుడో స్థిరపడింది. మీకు ఇంకా కొంత టైమ్ కావాలి.

గాంధారం గురించి రెండు మాటలు. 5వ మెట్టు మీద తీగ లాగి గ పలికించమన్నాను. సగం దూరమే లాగితే బ్లూస్ వాసన వస్తుంది. ముందు 7వ మెట్టు మీటి వినండి, తర్వాత 5 మీద లాగి అక్కడికి చేరండి. తీగ మందంగా ఉంటే లాగలేరు. నేను 10 సైజు తీగలు వాడతాను. నైలాన్ గిటార్ ఉన్నవాళ్లు లాగడం మానేసి జారు చేయండి. స, ప మాత్రం ఊపకండి, అవి అచల స్వరాలు.

ఇప్పుడు సొంతంగా అల్లడం. మోహనంలో పిల్లలకు మొదట చెప్పే గీతం 'వర వీణా' మీకు తెలిసిందే. రూపక తాళం, ఆవర్తనానికి ఆరు అక్షరాలు. మొదటి వరస ఇది (ఇందులో స రెండూ పై స లే, వాటి మీద చుక్క అనుకోండి; కామా అంటే ముందు స్వరాన్ని ఇంకో అక్షరం సాగదీయడం):

గ గ ప , ప , | ద ప స , స ,

దీన్ని వాయించి, వెంటనే మీ సొంత స్వరాలు రెండు ఆవర్తనాలు వేసి, మళ్లీ ఇదే వరసకు రావాలి. వరస గ తో మొదలవుతుంది కాబట్టి, మీ స్వరాలు గ పక్కింట్లో, అంటే కిందున్న రి దగ్గరో పైనున్న ప దగ్గరో ముగియాలి. కల్పన స్వరంలో కిటుకంతా ఇదే.

గ , రి స రి , | గ ప గ రి స రి |
ప , గ ప ద , | స ద ప ద , ప |

మొదటిది రి మీద ముగిసి గ లోకి ఎక్కుతుంది. రెండోది (ఇందులో స పై స) ప మీద ముగిసి గ లోకి దిగుతుంది. రెండోదాంట్లో ద మీద ఎక్కువసేపు ఉండకుండా వెంటనే స కు గానీ ప కు గానీ వెళ్లిపోయాం, గమనించండి. ఇలాంటివి మీరు రాసుకోకుండా వాయించాలి. మొదట్లో స, రి, గ మూడింటితోనే అల్లండి. అవి చాలనిపించినప్పుడు ప కలపండి.

ఈ వారం సాధన ఎక్కువే. తంబురా పెట్టుకుని రోజూ పది నిమిషాలు ఒక్క స మాత్రమే, 3వ మెట్టు, 15వ మెట్టు, నాలుగో ఖాళీ తీగ మార్చి మార్చి మీటుతూ, గొంతుతో కలిపి పాడండి. తర్వాత వరస, సొంత స్వరాలు, వరస, ఇలా ఇరవైసార్లు, ఏ రెండుసార్లూ ఒకేలా రాకుండా. ఆదివారం నాడు తంబురా ఆపేసి, నాలుగో తీగ కూడా మీటకుండా రెండు నిమిషాలు మోహనం వాయించి రికార్డు చేయండి. ఆపిన క్షణంలో గిటార్ ముట్టుకోకుండా నోటితో స పాడండి, అప్పుడు నాలుగో తీగ మీటండి. రెండూ కలిశాయో లేదో రికార్డింగులో అలాగే ఉంచి పంపండి.