మందుల సీసాకి ఎక్స్‌రే ఫిల్ముతో బ్రెయిలీ చీటీ

మాత్రల సీసాలన్నీ చేతికి ఒకేలా తగులుతాయి. చూపు లేనివాళ్ళు పూటపూటా ఎవరినో ఒకరిని పిలిచి అడగాల్సి వస్తుంది. కాగితం మీద బ్రెయిలీ, అంటే వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి, రాసి అంటిస్తే తడి చేతులకి చుక్కలు అణిగిపోతాయి. పాత ఎక్స్‌రే ఫిల్ము అయితే చాలాకాలం నిలుస్తుంది.

ఫిల్ముని బ్రెయిలీ స్లేటులో (చుక్కలు పొడవడానికి గళ్ళున్న చట్రం) బిగించి, స్టైలస్‌తో (మొనదేలిన పుల్ల) కుడి నుంచి ఎడమకి గట్టిగా పొడవండి. తిరగేస్తే ఎడమ నుంచి చదువుకోవచ్చు. ఉదయం మందుకి ‘ఉ’, అంటే 1, 3, 6 చుక్కలు (చదివే వైపు నుంచి గడిలో ఎడమ వరుస పైనుంచి కిందికి 1, 2, 3; కుడి వరుస 4, 5, 6). రాత్రి మందుకి ‘రా’ చాలు. తర్వాత రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు పట్టీగా కత్తిరించి, రెండు వైపులా అంటుకునే టేపుతో అంటించండి. కుడివైపు పై మూలని ఏటవాలుగా కోయడం మాత్రం మరవద్దు. సీసాని తలకిందులుగా పట్టుకుంటే ‘ఉ’ కాస్తా ‘శ’ అయిపోతుంది. కోసిన మూల వేలికి తగిలితే ఆ తికమక ఉండదు. మిగతా మూలలు గుచ్చుకోకుండా గుండ్రంగా కత్తిరించండి.

ఒడిశాలోని మా రాయగడ, గుణుపురం వైపు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అయినా ఇబ్బంది లేదు. భారతీయ భాషలకి ఉమ్మడిగా ఉన్న భారతీ బ్రెయిలీలో క, మ, ర లాంటి అక్షరాలకి రెండు భాషల్లోనూ అవే చుక్కలు. ఒడియా బ్రెయిలీ నేర్చిన మనవడు అమ్మమ్మ సీసాకి చక్కగా రాసిపెట్టగలడు.

షుగర్ వల్ల వేళ్ళు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్ళకి మాత్రం ఈ చుక్కలు అందవు. వాళ్ళకి ఉదయం సీసాకి ఒక లావాటి రబ్బరు బ్యాండు, రాత్రి సీసాకి రెండు వేసి ఉంచండి.